58 ఏళ్లకి వాకింగ్ ఒక్కటే సరిపోతుందా? ఈ వయసులో ఇంకా బలం పెరుగుతుందా?

నల్లకుంట_వాకర్:

అందరికీ నమస్కారం. నాకు 58 నడుస్తోంది, బ్యాంకు ఉద్యోగం, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. చాలా ఏళ్లుగా పొద్దున్నే ఓయూ క్యాంపస్‌లో వాకింగ్ చేస్తున్నాను, గట్టి వర్షం పడితే తప్ప మానను, ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్లి ఆ చెట్ల రోడ్డు మీదుగా తిరిగొచ్చేసరికి ఐదు కిలోమీటర్ల దాకా అవుతుంది, నాతో పాటు మా వయసు వాళ్లే ఇంకో నలుగురు ఉంటారు. బరువు 70 కేజీల దగ్గరే ఉంది, బీపీకి ఒక టాబ్లెట్ వేసుకుంటాను కంట్రోల్‌లోనే ఉంది, షుగర్ మాత్రం బోర్డర్‌లో ఉందని మొన్న చెప్పారు.

నా బాధ ఏంటంటే ఇంత క్రమం తప్పకుండా నడుస్తున్నా ఒంట్లో బలం ఏడాదికేడాది తగ్గుతున్నట్టు నాకే తెలుస్తోంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మెట్రో స్టేషన్‌లో మెట్లెక్కితే పైకి చేరేసరికి తొడలు పట్టేస్తున్నాయి. పూజలో పీట మీద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆనించాల్సి వస్తోంది. పాతిక కేజీల బియ్యం బస్తా కార్లోంచి లిఫ్ట్ దాకా మోయడానికి వాచ్‌మన్‌ని పిలుస్తున్నాను, ఐదారేళ్ల కిందట ఇదసలు ఒక పనే కాదు.

వాకింగ్ ఫ్రెండ్స్‌ని అడిగితే ఈ వయసులో ఉన్నది నిలబెట్టుకుంటే అదే పదివేలు, ఇంకా పెంచుకోవడం ఏంటి అంటున్నారు. మా అబ్బాయేమో జిమ్‌లో చేరు నాన్నా అంటాడు, మా ఆవిడ ఆ పౌడర్లూ అవీ తాగితే కిడ్నీలు పోతాయని భయపడుతోంది. నాకు కండలు అక్కర్లేదండీ, కానీ రిటైర్ అయ్యాక చార్‌ధామ్ వెళ్లాలని ఉంది, మనవళ్లని ఎత్తుకోవాలని ఉంది. నిజంగా ఈ వయసులో ఇంప్రూవ్‌మెంట్ అనేది ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ముందుకెళ్తున్నామో లేదో దేన్ని బట్టి కొలుచుకోవాలి? గుడ్డు తింటాను, మాంసం అలవాటు లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

ఫిజియో_పద్మారావునగర్:

నమస్తే సర్. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మీలాంటి పేషెంట్లని దాదాపు రోజూ చూస్తాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఆ వాకింగ్ మాత్రం ఆపకండి, గుండెకీ షుగర్‌కీ బీపీకీ అది చేసే మేలు చిన్నది కాదు. కానీ మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ, మెట్లూ నేల మీంచి లేవడమూ బస్తా మోయడమూ, ఈ మూడింటికీ కావాల్సింది కండరం బలం. 30 దాటాక కండరం పదేళ్లకి దాదాపు 3 నుంచి 8 శాతం తగ్గుతూ వస్తుంది, 60 తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుంది, కండ కంటే బలం ఇంకా ముందు పడిపోతుంది. అందులోనూ వయసుతో ఎక్కువ సన్నబడేవి ఫాస్ట్ ఫైబర్స్, అంటే గబుక్కున లేవాలన్నా, కాలు జారితే ఆపుకోవాలన్నా పనికొచ్చేవి. మామూలు నడకలో శరీరం వాటిని పిలవదు, అంత అవసరం రాదు కాబట్టి. ఏళ్ల తరబడి అదే దూరం అదే వేగంతో నడుస్తుంటే శరీరం దానికి ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది, ఇంక కొత్తగా పెరగడానికి దానికి కారణం కనపడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఈ వయసులో పెరుగుతుందా అని. పెరుగుతుంది సర్, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. 1990లో అమెరికాలో బోస్టన్‌లో ఒక స్టడీ చేశారు, వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ల వాళ్లతో 8 వారాల పాటు కాళ్లకి బరువుతో గట్టి ఎక్సర్‌సైజ్ చేయించారు, చివరిదాకా చేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండరం సైజు కూడా 9 శాతం పెరిగింది. అంత పెద్ద వయసు వాళ్లకే పెరిగినప్పుడు 58కి పెరగదని మీ ఫ్రెండ్స్ ఎలా అంటారు. వాళ్లకీ ఈ మాట చెప్పండి, వాళ్లు కూడా మొదలుపెట్టాలి.

మొదలుపెట్టే ముందు ఒక కొలత తీసుకోండి. గోడకి ఆనించిన మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60-64 మధ్య మగవాళ్లకి 14 కంటే తక్కువ, ఆడవాళ్లకి 12 కంటే తక్కువ వస్తే సగటు కంటే తక్కువ కింద లెక్క. మీరింకా 60కి రాలేదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే రావాలి. రెండోది ఒంటికాలి మీద నిలబడటం, పక్కన గోడ ఉండేలా చూసుకుని, 10 సెకన్లు ఆగగలుగుతున్నారా చూడండి. ఈ రెండూ డేట్ వేసి రాసి పెట్టుకోండి, నెలకోసారి మళ్లీ చూసుకుంటే ఎదుగుదల అక్కడే కనపడుతుంది, బరువు మిషన్‌లో కనపడదు.

ఇక చేయాల్సింది, వారానికి రెండు రోజులు చాలు, మూడు అయితే ఇంకా మంచిది, మధ్యలో ఒక రోజు గ్యాప్ ఉండాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్టు మీదకి ఒక్కో కాలితో ఎక్కి దిగడం, గోడకి పుష్-అప్స్ తర్వాత వంటింటి గట్టుకి పుష్-అప్స్, రబ్బరు బ్యాండ్ కిటికీ ఊచకి కట్టి వెనక్కి లాగడం, మడమలు లేపడం, రెండు చేతుల్లో నీళ్ల క్యాన్లు పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవడం. ఒక్కోటి రెండు సెట్లు, అంటే మధ్యలో కాస్త ఆగి రెండు విడతలు. ఎన్నిసార్లు అని అడగొద్దు, ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలం అనిపించే దాకా చేయాలి. ఇదే అసలు విషయం. పది సులువుగా చేసి ఇంకో ఇరవై చేయగలిగేలా ఆపేస్తే అది వార్మప్ అవుతుంది అంతే. పన్నెండు పదిహేను సులువుగా వస్తున్నాయి అనుకున్నప్పుడు వీపుకి బ్యాగ్ తగిలించి అందులో కేజీ బియ్యం ప్యాకెట్లు ఒక్కోటీ పెంచుకుంటూ పోండి. కండరం త్వరగానే అలవాటు పడుతుంది కానీ కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లకి ఎక్కువ టైమ్ పడుతుంది, అందుకే ఒళ్లు చేయగలను అంటున్నా బరువు మాత్రం నిదానంగానే పెంచాలి.

బీపీ ఉంది కాబట్టి ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, కష్టపడే క్షణంలో ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. నడిచేటప్పుడు గానీ మెట్లెక్కేటప్పుడు గానీ ఛాతీలో బరువుగా ఉండటం, ఎడమ చెయ్యి లాగడం, కళ్లు తిరగడం లాంటివి ఎప్పుడైనా ఉంటే మాత్రం ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు కార్డియాలజిస్ట్‌ని కలవండి.

ఉప్పల్_భాయ్:

నమస్తే సార్. నాకు 47, ఇరవైలల్ల ఉన్నప్పటి సంది జిమ్‌కి పోతున్న. ఫిజియో గారు చెప్పింది మొత్తం కరెక్టు, నేను జిమ్ సైడు నుంచి రెండు ముచ్చట్లు చెప్త.

మా ఏజ్ వాళ్లని జిమ్‌ల వెనక్కి గుంజేది ఒళ్లు కాదు సార్, పాత లెక్కలు. కాలేజీల ఉన్నప్పుడు ఇంత ఎత్తేటోన్ని ఇప్పుడు సగం గూడ వస్తలేదు అని మనసు చిన్నబుచ్చుకుని మస్తు మంది మానేసిన్రు, నా కండ్లతోని చూసిన. నేను 40 దాటినంక కొత్త నోట్‌బుక్ పెట్టిన, 40 తర్వాత నా రికార్డు ఎంత అన్నదే అండ్ల రాస్త, పాత బుక్కు తెరవను. గట్ల రాసుకుంటే ఇప్పటికి గూడ ఏడాదిల ఏదో ఒక లెక్క పెరుగుతనే ఉన్నది, ఒక ఏడు స్క్వాట్ అయితది, ఒక ఏడు పుల్-అప్ అయితది. మీకు అసలు పాత లెక్కనే లేదు సార్, జిమ్ కొత్త గదా, మొదటి ఆరు నెలలు మీకు పెరిగినంత స్పీడుగ నాకు గూడ పెరగదు, ఆ సంతోషం మీకు దొరుకుతది.

రెండోది రికవరీ. అప్పట్ల ఇయ్యాల కాళ్ల ఎక్సర్‌సైజ్ కొడితే ఎల్లుండికి మళ్ల రెడీ ఉండేటోన్ని, ఇప్పుడు కాళ్లకి మూడు దినాలు గ్యాప్ కావాలె, లేకుంటే మోకాలు మాట్లాడుతది. వార్మప్ పది నిమిషాలు తప్పది. రాత్రి పన్నెండింటి దాక ఫోన్ చూసి పొద్దుగాల అయిదింటికి లేచి ఎక్సర్‌సైజ్ చేస్తే బలం పెరగది, నిద్రలనే బాడీ రిపేర్ అయితది. నాలుగైదు వారాలకి ఒకసారి ఒక వారం బరువులు బాగ తగ్గించి లైట్‌గ చేస్త, ఆ వారం అయినంక ఎప్పటి కంటే మంచిగ ఎత్తుత.

జిమ్‌ల చేరాలంటే ముందు ఒక్కటి చూడుండ్రి సార్. ట్రైనర్ మీ వయసు, బీపీ, పాత దెబ్బలు, సర్జరీలు అడిగినంకనే బరువు చేతికి ఇస్తున్నడా లేదా అని. మా పెద్దనాయనకి ఒక జిమ్‌ల మొదటి దినమే రాడ్డు నేల మీదికెళ్లి ఎత్తిపిచ్చిన్రు, నడుము పట్టేసి చాన రోజులు మంచం మీదనే ఉన్నడు, ఆ తర్వాత జిమ్ అంటెనే వద్దంటడు. ఆయన తప్పు ఏమున్నది అండ్ల, మంచిగ చెప్పేటోడు ఉంటే ఇయ్యాల ఆయన గూడ బలంగ ఉండేటోడు. మీరు మొదట మెషిన్ల మీద చేయుండ్రి, లెగ్ ప్రెస్, చెస్ట్ ప్రెస్, సీటెడ్ రో, ల్యాట్ పుల్‌డౌన్, ఇవి నాలుగు చాలు. పొద్దుగాల పదింటి తర్వాత జిమ్ ఖాళీగ ఉంటది, రిటైర్ అయినంక ఆ టైమ్ మీకు మస్తు సెట్ అయితది, ట్రైనర్ గూడ మంచిగ పట్టించుకుంటడు.

మా తాత తాలింఖానకి, అంటే పాతకాలం కసరత్తు శాలకి పోయేటోడు, డెబ్బై దాటినంక గూడ బస్కీలు తియ్యకుండ చాయ్ ముట్టకపోతుండె. మన దగ్గర ఇది కొత్తగ వచ్చిన ముచ్చట ఏం కాదు సార్.

మల్కాజిగిరి_యోగ:

అందరూ బరువులు బరువులు అంటున్నారు గానీ, నాకు 66, ముప్పై ఏళ్ల పైబడి యోగాసనాలే చేస్తున్నాను, ఇప్పటికీ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని చెయ్యి ఆనించకుండా లేస్తాను. సూర్యనమస్కారాల్లో చేతులకీ భుజాలకీ పని ఉంది, ఉత్కటాసనం వీరభద్రాసనం నిలబెడితే తొడలు వణుకుతాయి, వృక్షాసనం ఒంటికాలి మీదే కదా. దానికి తోడు ప్రాణాయామం, మనసుకి ప్రశాంతత. వయసు మళ్లాక జిమ్‌కి వెళ్లి దెబ్బలు తగిలించుకోవడం కంటే ఇంట్లో చాప మీద గంట సేపు చేసుకుంటే సరిపోతుందని నా నమ్మకం. నల్లకుంట గారు ముందు ఇది ప్రయత్నించండి.

ఫిజియో_పద్మారావునగర్:

యోగ గారూ, మీ వయసులో చెయ్యి ఆనించకుండా లేవగలగడం చాలా మంచి సంగతి, మీరు చెప్పిన ఆసనాల్లో కాళ్లకి నిజంగానే లోడ్ పడుతుంది, బ్యాలెన్స్‌కి అయితే యోగా ఎంతో మేలు. నేను రెండు లోటుల గురించే చెప్తాను. ఒకటి, ఆసనాల్లో తోయడం ఉంది గానీ లాగడం దాదాపు లేదు, వీపు పైభాగం, పిడికిలి పట్టు వీటికి పని తక్కువ, బస్తా మోయడానికి కావాల్సింది అవే. రెండోది, మన ఒంటి బరువు మారదు కాబట్టి ఒక స్థాయి తర్వాత లోడ్ పెంచే దారి ఉండదు. అందుకే మీ యోగాకి వారానికి రెండు రోజులు బ్యాండ్ లాగడం, క్యాన్లు పట్టుకుని నడవడం కలిపితే ఏ లోటూ ఉండదని నా అభిప్రాయం. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులైనా కండరాల ఎక్సర్‌సైజ్, 65 దాటినవాళ్లకి మూడు రోజులు బ్యాలెన్స్ కలిసిన ఎక్సర్‌సైజ్, ఇవన్నీ కావాలనే చెప్పారు, ఒకటి చేసి ఇంకోటి వదిలేయమనలేదు.

కూకట్‌పల్లి_టీచర్:

నల్లకుంట గారికి నమస్తే. నేను రిటైర్డ్ మ్యాథ్స్ టీచర్‌ని, 62. ఇక్కడ ఆడవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. నెలసరి ఆగిపోయాక మొదటి కొన్నేళ్లలో ఎముక చాలా వేగంగా తరిగిపోతుంది, ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల. నాకు బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగాక డెక్సా స్కాన్ చేయిస్తే ఎముక సాంద్రత తగ్గిందని తేలింది. అప్పటిదాకా చుట్టుపక్కల అందరూ బరువులు ఎత్తకమ్మా, మెల్లిగా నడువు అన్నవాళ్లే. డాక్టర్ గారు మాత్రం మందులతో పాటు బరువులు కూడా చేయాలని పంపించారు. ఆస్ట్రేలియాలో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి, ఎముక పలచబడ్డ ఆడవాళ్లతో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు గట్టి బరువులు ఎత్తించారు, వెన్నెముక సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి ఎక్సర్‌సైజ్ చేసిన గ్రూపుకి ఒక శాతం పైన తగ్గింది. అదంతా పక్కన నిపుణులు నిలబడి చేయించింది, మనంతట మనం యూట్యూబ్ చూసి చేసేది కాదు. నేను ఇంట్లో చిన్న డంబెల్స్‌తో మొదలుపెట్టి ఇప్పుడు మా కాలనీ జిమ్‌కి మధ్యాహ్నం వెళ్తాను, చుడీదార్ వేసుకునే చేస్తాను, ఎవరూ ఏమీ అనరు. పెద్ద స్టీల్ బిందె నీళ్లతో మళ్లీ నేనే ఎత్తుతున్నాను, అది నాకు ఎంత ధైర్యమో చెప్పలేను.

ఇక తిండి సంగతి, దీని మీద నేను చాలా కాలంగా లెక్కలు కడుతున్నాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ల లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, మీ 70 కేజీలకి 58 గ్రాములు. వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు వయసు మళ్లిన వాళ్లకి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలంటారు, అలా అయితే 70 నుంచి 84. ఇప్పుడు మన ప్లేట్ చూడండి. పొద్దున మూడు ఇడ్లీ కొబ్బరి చట్నీ, మధ్యాహ్నం ఇంత అన్నం దాని మీద పల్చటి పప్పు, సాయంత్రం మిక్చర్ టీ, రాత్రి రెండు చపాతీ బంగాళాదుంప కూర, ఇదంతా కలిపినా 40-45 దాటడం కష్టం. దానికి తోడు వయసు పెరిగిన కండరం కొద్దిపాటి ప్రోటీన్‌కి సరిగ్గా స్పందించదు, ఒక్కో పూట 25 గ్రాముల దాకా పడాలి. మనం ఎక్కువ నష్టపోయేది పొద్దున టిఫిన్‌లోనే.

మీరు గుడ్డు తింటారు కాబట్టి పని సులువు. గుడ్డుకి 6 గ్రాములు. గ్లాసు పాలకి 8. పనీర్ వంద గ్రాములకి 18 దాకా. పచ్చి పెసలు వంద గ్రాములు నానబోస్తే 22 పైనే, అంటే ఇడ్లీ బదులు పెసరట్టు, పక్కన ఒక గుడ్డు, గ్లాసు పాలు అనుకోండి, పొద్దున పూటే 25 వచ్చేస్తుంది. మధ్యాహ్నం పప్పు గట్టిగా వండించుకుని అన్నం కొంచెం తగ్గించండి, పెరుగు కప్పు నిండా వేసుకోండి. సోయా చంక్స్ 50 గ్రాములకి 25 వస్తుంది, వారంలో రెండుసార్లు కూరలో వేయొచ్చు, మా ఇంట్లో మసాలా పెట్టి చేస్తే పిల్లలు కూడా తింటారు. ఇంత చేస్తే పౌడర్ అవసరమే రాదు. మీ శ్రీమతి గారి భయం గురించి, కిడ్నీలు బాగున్నవాళ్లకి ఈ మోతాదుతో ప్రమాదం లేదు, కానీ మీకు బీపీ ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ టెస్టులు ఒకసారి చేయించేస్తే ఆవిడకీ నిశ్చింత.

నెక్లెస్_రోడ్_రన్నర్:

పైన అందరూ బలం గురించి చెప్పారు, నేను ఊపిరి గురించి రాస్తాను, ఎందుకంటే చార్‌ధామ్ అన్నారు కదా, కేదార్‌నాథ్ 3,500 మీటర్ల పైన ఉంటుంది, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల దాకా ఎక్కాలి, అక్కడ తొడలతో పాటు ఊపిరితిత్తులు గుండె కూడా పరీక్షకి కూర్చోవాల్సిందే. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తిని వీఓటూ మ్యాక్స్ అంటారు, ఏమీ చేయనివాళ్లలో అది పదేళ్లకి దాదాపు 10 శాతం పడిపోతుంది, గట్టిగా ట్రైన్ అయ్యేవాళ్లలో ఆ తగ్గుదల బాగా నెమ్మదిస్తుంది. మాట్లాడుకుంటూ నడిచే నడకతో అది పెరగదు. వారంలో ఐదు రోజులు మీ ఫ్రెండ్స్‌తో మామూలుగానే నడవండి, ఒక్క రోజు మాత్రం విడిగా, మూడు నిమిషాలు మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేంత వేగంగా, తర్వాత మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగైదు సార్లు. ఇంకొన్ని వారాలయ్యాక ఎత్తు ఉన్న రోడ్డు ఎంచుకోండి, మన ఊళ్లో దానికి కొదవ లేదు, బంజారాహిల్స్‌లో ఏ రోడ్డెక్కినా చాలు.

హార్ట్ రేట్ విషయంలో 220 లోంచి వయసు తీసేసే లెక్క పెద్దవాళ్లకి తక్కువ చూపిస్తుంది. 2001లో వచ్చిన లెక్క ప్రకారం 208 లోంచి వయసుని 0.7తో గుణించి తీసేయాలి, మీకు 167 వస్తుంది, పాత లెక్కలో 162. అయితే మీ బీపీ టాబ్లెట్ బీటా బ్లాకర్ అయితే వాచ్ చూపించే అంకె దేనికీ పనికిరాదు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది, అప్పుడు మాట ఎంత వరకు వస్తోంది అన్నదే కొలమానం. పదివేల అడుగుల గురించి కూడా బెంగ పెట్టుకోవద్దు, అది 1960ల్లో జపాన్‌లో ఒక పెడోమీటర్ అమ్మడానికి పెట్టిన అంకె, 60 దాటినవాళ్లకి 6 నుంచి 8 వేల మధ్యే ఎక్కువ లాభం వచ్చేస్తుందని 2022లో వచ్చిన పెద్ద విశ్లేషణలో తేలింది.

నా వయసు 55, ప్రతి ఏడాదీ ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెడతాను, ఆ ఉక్కపోతలో ఆ ఫ్లైఓవర్ల మీద. టైమ్ నిమిషాల్లో చూస్తే పెరుగుతోంది, కానీ ఏజ్ గ్రేడింగ్ అని ఒక పద్ధతి ఉంది, అదే వయసు వాళ్ల ప్రపంచ స్థాయి టైమ్‌తో పోల్చి మనకి శాతం ఇస్తుంది, ఆ శాతం నాకు మెరుగవుతూ వస్తోంది. నేను దాన్నే నమ్ముతాను. ఫౌజా సింగ్ గారు 2000లో లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తేటప్పటికి ఆయన చెప్పిన వయసు 89, టొరంటోలో 2011లో పూర్తి చేసేటప్పటికి వంద. అందరం ఆయనలా కాలేకపోవచ్చు, కానీ 58 అంటే మొదలుపెట్టడానికి ఆలస్యమైన వయసు కానే కాదు సర్.

నల్లకుంట_వాకర్:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మా ఆవిడకి టీచర్ గారి మెసేజ్ చదివి వినిపించాను, రేపటి నుంచి పెసరట్టే అంది, టెస్టులకి తను కూడా వస్తానంది. కుర్చీ పరీక్ష ఇప్పుడే చేశాను, 11 వచ్చాయి, ఒంటికాలు కుడి వైపు పర్లేదు, ఎడమ వైపు ఆగలేకపోయాను.

ఫిజియో గారూ ఇంకో రెండు అడగాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్లలో కటకటమని శబ్దం వస్తోంది, నొప్పి అయితే పెద్దగా లేదు, అది అరిగిపోవడమా, చేస్తే ఇంకా అరుగుతుందా అని మా ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఇంకోటి, షుగర్ కోసం వాకింగ్ పొద్దున్నే మంచిదా, తిన్న తర్వాతా? నేల మీంచి చెయ్యి ఆనకుండా లేవడానికి ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఫిజియో_పద్మారావునగర్:

11 అంటే ఇప్పుడు తక్కువే సర్, కానీ బాగా పెరగడానికి చోటుంది. రెండు మూడు నెలలు శ్రద్ధగా చేస్తే ఈ అంకె మారడం నేను చాలామందిలో చూశాను.

మోకాలి శబ్దానికి నొప్పి గానీ వాపు గానీ తోడు లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అది మాత్రమే అరుగుదలకి గుర్తు కాదు. నిజంగా కీలు అరుగుదల ఉన్నవాళ్లకి కూడా మొట్టమొదటి చికిత్సల్లో తొడ కండరాల ఎక్సర్‌సైజే ఉంటుంది, కండరం బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది. నొప్పికి నేను పేషెంట్లకి చెప్పే లెక్క ఇది, సున్నా నుంచి పది వరకు అనుకుంటే చేసేటప్పుడు మూడు దాకా ఉండి మర్నాటికి మామూలైపోతే కొనసాగించొచ్చు, అంతకి మించినా మర్నాడు కూడా ఉన్నా తర్వాతిసారి కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి లేదా సంఖ్య తగ్గించండి, పూర్తిగా మానేయకండి. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, నడుస్తుంటే వదిలేసినట్టు అనిపించినా మాత్రం చూపించుకోవాలి.

షుగర్‌కి తిన్న తర్వాత 10-15 నిమిషాల నడక చాలా బాగా పనిచేస్తుంది, కాళ్ల కండరాలు ఆ గ్లూకోజ్‌ని అప్పటికప్పుడు వాడేసుకుంటాయి. పొద్దున నడక అలాగే ఉంచుకుని రాత్రి భోజనం తర్వాత అపార్ట్‌మెంట్ కింద నాలుగు రౌండ్లు వేయండి, ఇద్దరూ కలిసి. మందులు వాడే షుగర్ పేషెంట్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇన్సులిన్ గానీ షుగర్ పడిపోయే రకం టాబ్లెట్లు గానీ ఉంటే ఎక్సర్‌సైజ్ పెంచే ముందు డాక్టర్‌తో డోసు మాట్లాడండి.

నేల మీంచి లేవడానికి మందు దాన్నే ప్రాక్టీస్ చేయడం. దివాన్ పక్కన మందంగా దుప్పటి పరిచి కూర్చోండి, ముందు రెండు చేతులూ దివాన్ మీద ఆనించి ఒక మోకాలు పైకి తెచ్చి లేవండి. అది సులువయ్యాక ఒక చెయ్యి, తర్వాత ఆ చెయ్యి తొడ మీదకి. రెండు కాళ్లనీ మార్చి మార్చి ముందు పెట్టాలి, మీ ఎడమ కాలు వెనకబడి ఉంది కాబట్టి ప్రతిసారీ దానితో మొదలుపెట్టండి. ఒంటికాలు బ్యాలెన్స్ పళ్లు తోముకునేటప్పుడు సింక్ పట్టుకుని రోజూ చేసుకోవచ్చు, దానికి వేరే టైమ్ పెట్టక్కర్లేదు.

ఉప్పల్_భాయ్:

సార్, బ్యాగ్‌ల బియ్యం ప్యాకెట్లు వేసేటప్పుడు జర చూసుకోండ్రి, బరువు కిందికి జారకుండ వీపు పైభాగానికి ఆనుకుని ఉండాలె, సందుల టవల్ కుక్కుండ్రి, పట్టీలు టైట్ చేయుండ్రి. వదులుగ ఉంటే లేచేటప్పుడు వెనక్కి గుంజుతది, నడుం మీద పడతది. ముందు రెండు కేజీలతోనే మొదలువెట్టుండ్రి, మళ్ల ఎప్పుడన్న కుర్చీ లెక్క పెరిగితే ఇక్కడ రాయుండ్రి, మా నాయనకి గూడ చూపెడత.